కూర్మన్నపాలెం రిబ్బన్

"ఇవాళ్టి నుంచి ఈ విశాఖ మహానగరంలో రిటైరైన ఏ ఉద్యోగీ ఆస్పత్రి బిల్లు పట్టుకుని రెండు కిటికీల మధ్య తిరగనక్కర్లేదు. ఆ రెండు కిటికీలనూ మన ప్రభుత్వం ఒకే గదిలోకి తెచ్చేసింది" అని మంత్రిగారు ప్రకటించగానే కూర్మన్నపాలెంలో వేసిన షామియానా చప్పట్లతో ఊగిపోయింది.

ఆ చప్పట్లు మొదలుపెట్టినవాడు కామరాజు. చాలించమని సైగ చేసినవాడూ కామరాజే. వార్డులో పార్టీ ఇన్‌చార్జిగా ఏళ్ల తరబడి సభలకు షామియానాలు, బస్సులు, భోజనాలు చూసుకున్న మనిషి. ఎవరిని ఏ వరసలో కూర్చోబెట్టాలో, ఎవరి విస్తరి ముందు వెయ్యాలో ఆయనకు తెలిసినట్టు జిల్లాలో మరొకరికి తెలియదు. ఆ అపార అనుభవాన్ని గుర్తించి ప్రభుత్వం ఆయన్ని విశ్రాంత ఉద్యోగుల వైద్య బిల్లుల సమన్వయ కేంద్రానికి సమన్వయకర్తగా వేసింది. నిజానికి కామరాజు అడిగింది టూరిజంలో డైరెక్టర్ పదవి. రుషికొండ మీద ఆయనకు ఎప్పటినుంచో మనసు. కేంద్రానికి మొదటి విడతగా మోకాళ్ల ఆపరేషన్లు మాత్రమే అప్పగించారని తెలిశాక, ప్రజాసేవకు కొండయితేనేం, మోకాలయితేనేం అనుకుని సర్దుకున్నాడు.

సమస్య చాలా చిన్నది. ఉక్కు ప్లాంటులోనూ పోర్టులోనూ రిటైరైనవాళ్లకూ, వాళ్ల ఇంటివాళ్లకూ రెండు రక్షణలున్నాయి. ఒకటి ప్రభుత్వం వారి 'పెద్దల భరోసా' పథకం. రెండోది, ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రీమియం కట్టి కాపాడుకున్న మలయమారుత ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ. ఆపరేషన్ జరిగితే ఒకరు ముందు చెల్లిస్తారు, మిగిలింది రెండోవారు చెల్లిస్తారు. ఇందులో ఎవరికీ అభ్యంతరం లేదు. ముందు ఎవరన్నదే తేలలేదు. ప్రభుత్వం కంపెనీని ఎంతో మర్యాదగా "ముందు మీరు" అంటుంది. కంపెనీ ప్రభుత్వాన్ని అంతకు రెట్టింపు మర్యాదగా "అబ్బే, మీరుండగా మేమా" అంటుంది. ఈ మర్యాదల మధ్య మోకాళ్లు అరిగిపోతున్నాయి. అందుకే సమన్వయ కేంద్రం.

గుమ్మానికి అడ్డంగా, నడుం ఎత్తున, గులాబీరంగు రిబ్బన్ కట్టారు. పళ్లెంలో వెండి పూత పూసిన కత్తెరలు రెండు. ఇద్దరికీ సమాన గౌరవం దక్కాలని కామరాజు చేసిన ఏర్పాటది. ప్రభుత్వం తరఫున జాయింట్ డైరెక్టర్ డాక్టర్ ఉదయ్‌కుమార్ ఒక కత్తెర తీసుకున్నాడు. కంపెనీ తరఫున రీజనల్ మేనేజర్ మైఖేల్ ఇంకొకటి తీసుకున్నాడు. రెండు కత్తెరలూ రిబ్బన్ దాకా వెళ్లాయి.

అప్పుడు కంపెనీ లాయరు దగ్గాడు.

ఆయన దగ్గు ఖరీదైన దగ్గు. ఊరికే దగ్గడు. కేంద్రం కోసం రెండు పక్షాలూ రాసుకున్న ఒప్పందంలో ఒక వాక్యం ఉందని ఆయన అందరికీ గుర్తుచేశాడు. కేంద్రంలో తొలి చర్య ఏ పక్షం చేపడితే ఆ పక్షమే ప్రథమ చెల్లింపుదారు. రిబ్బన్ కొయ్యడం కూడా చర్యే.

రెండు కత్తెరలూ నోళ్లు తెరుచుకుని గాల్లో ఆగిపోయాయి.

"కానివ్వండి సార్" అన్నాడు మైఖేల్. "ప్రభుత్వం కన్నా మేం పెద్దవాళ్లమా?"

"అలా అనకండి మైఖేల్‌గారూ. ఇన్నేళ్లూ ప్రీమియం పుచ్చుకున్న చెయ్యి మీది. ఆ చేత్తోనే కొయ్యాలి."

ఇద్దరూ ఒకేసారి కోస్తే పోలేదా అన్నాడు కామరాజు. వీడియోని నెమ్మదిగా నడిపి చూస్తే ఎవరి బ్లేడు ముందు తగిలిందో తేలిపోతుందన్నాడు లాయరు. పోనీ తానే కోస్తానని మంత్రిగారు చెయ్యి చాపితే, మంత్రి అంటే ప్రభుత్వమేనని పి.ఎ. చెవిలో ఊదాడు. చాపిన చేతిని మంత్రిగారు అలాగే పైకి లేపి జనానికి నమస్కారం పెట్టారు. అదీ అనుభవం అంటే.

తర్వాత ఆయన చూపించిన చాకచక్యం పత్రికలవాళ్లకు చిరకాలం గుర్తుండిపోతుంది. కత్తెరలు రిబ్బన్‌కి ఆనించి ఉంచమన్నారు, నవ్వమన్నారు, ఫొటో తీయించారు. మర్నాడు అన్ని పేపర్లలోనూ కేంద్రం ప్రారంభమైపోయింది. మంత్రిగారు రోజూ బీచ్ రోడ్డులో నడుస్తారు కాబట్టి చటుక్కున వంగి, రిబ్బన్ కింది నుంచి లోపలికి దూరి, బయటికి కూడా అలాగే వచ్చారు. కారెక్కుతూ కామరాజుని పిలిచారు.

"ఎవరు ముందో తేలేదాకా ఆ రిబ్బన్ నీ పూచీ. అది తెగిందా, నీ పదవి తెగినట్టే."

కామరాజు జీవితంలో మొట్టమొదటిసారి తనకంటూ కాపాడుకోవాల్సిన ఆస్తి ఒకటి ఏర్పడింది.

కాపాడాడు. కాదనడానికి లేదు. తుపానుకి కేంద్రం కప్పు మీది రేకు ఎగిరి జంక్షన్‌లో పడింది కానీ, రిబ్బన్‌కి తొడిగించిన పాలిథిన్ కవరు లోపలికి చుక్క నీరు వెళ్లలేదు.

లోపల రెండు టేబుళ్లు. ఒకటి ప్రభుత్వానిది, ఒకటి కంపెనీది. ఉదయ్‌కుమార్, మైఖేల్ స్వయంగా వచ్చి కూర్చునేవారు. కిందివాళ్లను కూర్చోబెడితే పొరపాటున పని చేసేస్తారేమోనని భయం. దరఖాస్తు చేతిలోకి తీసుకున్నా అది తొలి చర్యే కాబట్టి ఇద్దరూ తీసుకునేవారు కాదు. కామరాజు టేపు పెట్టి కొలిపించి, రెండు టేబుళ్లకూ సరిగ్గా మధ్యన ఒక స్టూలు వేయించాడు. కాగితాలు దాని మీద పెట్టి దణ్ణం పెట్టుకుని వెళ్లాలి. అధికారులు ఎవరి కుర్చీలోంచి వాళ్లు చదువుతారు. దూరపు చూపు ఆనక మైఖేల్ కొత్త కళ్లజోడు చేయించుకున్నాడు. సేవాభావం అంత గొప్పది.

ఆ కళ్లజోడుతోనే ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. గుమ్మం పైన కెమెరా ఉంది. లోపలికి వచ్చే ప్రతి మనిషీ రిబ్బన్ కింద వంగి వస్తున్నాడు. వంగడమంటే మోకాలు మడవడమే.

పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన అర్జునరావు ఆ రోజు కొడుకు భుజం పట్టుకుని, గుమ్మంలో చతికిలబడి, పాకి, లేచి, లోపలికొచ్చి ఆయాసపడుతున్నాడు.

"మీరు గుమ్మంలో వంగారు కదండీ?" అన్నాడు మైఖేల్.

"వంగాను బాబూ. పానం పోయినంత పనయ్యింది."

"అది సరే. వంగారా, లేదా?"

"వంగితే కదా లోనకొచ్చినాను."

"మరి వంగే మోకాలికి ఆపరేషన్ దేనికండీ?"

అర్జునరావు ప్రభుత్వం టేబుల్ వైపు చూశాడు. ఉదయ్‌కుమార్ తల ఊపాడు. రెండు పక్షాలూ ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు. కామరాజు కళ్లు చెమర్చాయి. సమన్వయమంటే ఇదే కదా అనుకున్నాడు.

మర్నాడు అర్జునరావు తెలివిగా వంగకుండా రిబ్బన్ అవతలే నిలబడి కేకేశాడు. కేంద్రంలోకి రానివారి కేసు కేంద్రం చూడదని లోపలి నుంచి ఇద్దరూ ఒకే గొంతుతో చెప్పారు.

వంగి వచ్చినవాడికి జబ్బు లేదు. వంగలేనివాడు రాలేదు. ఈ పద్ధతి వచ్చాక కేంద్రంలో పెండింగ్ అన్నదే లేకుండా పోయింది.

*

కామరాజుకి ఇంట్లోనూ ఒక జత మోకాళ్లున్నాయి. అవి వాళ్లక్క ధనలక్ష్మివి.

ఆమె భర్త రమణమూర్తి ప్లాంటులో లోకో ఇంజను నడిపి రిటైరయ్యాడు. కూర్మన్నపాలెంలోనే మూడో అంతస్తులో ఫ్లాటు. లిఫ్టు కోసం ఉంచిన గోతిలో బిల్డరు సిమెంటు బస్తాలు పెట్టుకుని మరచిపోయాడు. ధనలక్ష్మి దీపావళికి మెట్లెక్కి పైకి వచ్చింది, మళ్లీ దిగలేదు. మంచం మీద కూర్చుని ఇరుగుపొరుగు చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఆమెకు నొప్పి ఒక బాధ అయితే, చేపలు ఇంకో బాధ. కాపురానికి వచ్చిన నాటినుంచి బజారులో మొప్ప ఎత్తి చూడకుండా చేప కొన్న మనిషి కాదు. ఇప్పుడా పని రమణమూర్తి చేతిలో పడింది. ఆయన చేపను రంగు చూసి కొంటాడు.

కామరాజు వెళ్లిన ఆదివారం ఇల్లంతా చేప వాసన. మంచి వాసన కాదు.

"రా బావా, రా" అన్నాడు రమణమూర్తి. "రిబ్బను బాగుందా? జొరం గట్రా ఏటీ నేదు కదా?"

"వేళాకోళాలకేం బావా. మా పని మాది."

"వేళాకోళం ఏటి? మొన్న తుపానుకి మా మేడ మీద ట్యాంకు ఎగిరిపోనాది. దానికీ ఓ కవరు తొడగమని సెప్దామనుకున్నాను."

ధనలక్ష్మి సూది ఆపింది. ఆస్పత్రి డాక్టరు ఏమన్నాడో తమ్ముడికి నెమ్మదిగా చెప్పింది. ఎండలు ముదిరేలోగా ఆపరేషన్ అయితే నడుస్తుంది. ఇంకా జాగు చేస్తే తొడ కండ కరిగిపోతుంది, తర్వాత బంగారు మోకాలు పెట్టినా కాళ్లు మాట వినవు. అంతే సంగతి. మళ్లీ ఆ మెట్లు దిగడమన్నది ఉండదు.

"కింద పోర్షన్ అసిరమ్మకి ఏ పాలసీ నేదు" అంది. "పెద్దాస్పత్రికి పోనాది, సేయించుకున్నాది, పొద్దున్నే పాల పేకెట్టుకి ఎల్తన్నాది. ఎదురింటి దేవదానం మాస్టారికి కంపెనీదొక్కటే ఉంది. ఆయనకీ సేసీసినారు, చర్చికి నడిసెల్తన్నాడు. నాకు రెండున్నాయి. రెండుండడమే తప్పేటిరా?"

"తప్పు కాదక్కా. డబుల్ ప్రొటెక్షన్."

"ఐతే ఒకటి తీసీమను. ఏది తీసినా నాకు పరవానేదు."

కామరాజు తల గోక్కున్నాడు. తీసేయించుకోవచ్చు, రూల్ ఉంది. కాకపోతే మనిషి స్వయంగా కేంద్రానికి వచ్చి చెప్పాలి. లోపలికి వచ్చి.

"లోనకంటే, ఆ రిబ్బను కింద వంగా?"

"ఆఁ."

"వంగితే ఏటంతారు?"

కామరాజు కిటికీలోంచి బయటికి చూశాడు. రమణమూర్తే జవాబు చెప్పాడు. వంగితే మోకాళ్లు బాగున్నాయంటారు.

ధనలక్ష్మి తమ్ముడి మొహంలోకి కాసేపు చూసింది. చిన్నప్పుడు వాణ్ణి చంకనేసుకుని పొలం గట్ల మీద నడిచిన కాళ్లివి. ఆ మాట ఆమె అనలేదు. దారం కొరికి, మళ్లీ సూదిలోకి ఎక్కిస్తూ ఇంకోటి అడిగింది.

"ఆ రిబ్బను నువ్వే కోసీకూడదేటిరా?"

"పదవి పోద్దక్కా" అన్నాడు కామరాజు. అబద్ధమాడే మనిషి కాదు.

*

అయినా అక్క మాట మనసులో పెట్టుకున్నాడు. ఎవరు ముందో తేల్చడానికి రుషికొండలో, సముద్రం కనపడే రిసార్టులో, రెండు రోజుల సమన్వయ సదస్సు పెట్టించాడు. సమస్య అంత లోతైనది మరి. ఒడ్డున కూర్చుంటే గానీ అందదు.

సదస్సు హాలు తలుపు దగ్గరే ఆలస్యమైంది. ఎవరు ముందు అడుగుపెట్టాలి? చివరికి ఉదయ్‌కుమార్, మైఖేల్ పక్కవాటుగా తిరిగి, పొట్టలు లోపలికి పీల్చుకుని, జంటగా దూరారు. టిఫిన్ల దగ్గర మొదటి ప్లేటు ఎవరూ తియ్యలేదు. కామరాజు ప్రజాప్రయోజనం దృష్ట్యా తానే తీశాడు. సభ్యులు ఆయన వెనక వరస కట్టారు. పెసరట్టు విషయంలో కుదిరిన సమన్వయం మోకాలి విషయంలో ఎందుకు కుదరదని ఆయన వేసిన ప్రశ్నను మినిట్స్‌లో రాసుకున్నారు.

రెండో రోజు మధ్యాహ్నం, భోజనం అయ్యాక, మైఖేల్‌కి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మనిషికి మోకాళ్లు రెండు. చెల్లించేవాళ్లూ ఇద్దరే. చెరొకటీ తీసుకుంటే సరి.

హాలంతా లేచి నిలబడింది. కుడి మోకాలు ప్రభుత్వానికి, ఎడమ మోకాలు కంపెనీకి అని రాసేసుకున్నారు. సంతకాలు పెట్టబోతుండగా లాయరు దగ్గాడు. ఏ మోకాలు ముందు చేస్తారని అడిగాడు.

మళ్లీ కూర్చున్నారు. సాయంత్రం ఉమ్మడి ప్రకటన వచ్చింది. 'మొదటివారు ఎవరన్న అంశంపై చర్చలు స్నేహపూర్వకంగా సాగుతున్నాయి. తాము రెండోవారమన్న విషయంలో రెండు పక్షాలకూ సంపూర్ణ ఏకాభిప్రాయం ఉంది.'

తిరుగు ప్రయాణంలో అధికారులిద్దరూ ఒకే కారులో వెనక సీటులో కూర్చుని, వియ్యంకుల్లా కబుర్లు చెప్పుకుంటూ వెళ్లారు. కామరాజు ముందు సీటులో కూర్చున్నాడు. ఎవరో ఒకరు ముందు కూర్చోవాలి కదా.

*

ఎండలు ముదురుతున్నాయి. కేంద్రం తొలి వార్షికోత్సవం దగ్గరపడింది. మంత్రిగారు వస్తున్నారు, వేదిక మీద ఒక్క లబ్ధిదారునైనా చూపించాలని పి.ఎ. ఫోన్ చేశాడు. ఒక్కరంటే ఒక్కరు లేరని చెప్పే ధైర్యం కామరాజుకి లేదు. చూపిస్తానన్నాడు.

ఆయన లెక్క ఆయనకుంది. అక్కని కుర్చీలో మోయించి తీసుకొస్తాడు. ఆమె మోకాళ్లు చూసి మంత్రిగారి గుండె కరుగుతుంది. ఆయన ఎదుట కాదనలేక అధికారులిద్దరిలో ఎవరో ఒకరు సరే మేం ముందు అంటారు. అక్కకి నడక, తనకి పేరు, మంత్రిగారికి ఫొటో.

ధనలక్ష్మి వెంటనే ఒప్పుకోలేదు. షరతు పెట్టింది.

"వచ్చీటప్పుడు సేపల బజారు కాడ ఆపాల."

"ఆపుతానక్కా."

"నాను ఏరుకున్నంతసేపూ నోరెత్తకూడదు. మీ బావకీ సెప్పు."

నలుగురు కార్యకర్తలు ప్లాస్టిక్ కుర్చీకి వెదురు బొంగులు కట్టి ఆమెను మూడంతస్తులు దించారు. మలుపు మలుపుకీ 'జాగ్రత్త, జాగ్రత్త' అంటూ కామరాజు వెనక నడిచాడు. ఆమె ఒళ్లో సంచి పెట్టుకుంది. అందులో కుట్టాల్సిన చీర, ఫాల్, దారం ఉండ, కత్తెర. ఆఫీసు పనికి వెళ్తూ ఊరికే కూర్చోవడమెందుకని తెచ్చుకుంది. నేల మీదికి రాగానే కాసేపు కుర్చీ దింపమంది. చెప్పు విప్పి, అరికాలు మట్టికి ఆనించి, మళ్లీ చెప్పు తొడుక్కుంది.

కేంద్రం దగ్గర బ్యాండు వాయిస్తున్నారు. మంత్రిగారు అప్పటికే రిబ్బన్ కింద దూరి లోపల ఆసీనులయ్యారు. ఉదయ్‌కుమార్, మైఖేల్, లాయరు ఆయన పక్కన. ఉత్సవం కోసం కవరు విప్పిన రిబ్బన్ ఏడాది ఎండకి గులాబీరంగు పోయి బీట్‌రూట్ కడిగిన నీళ్ల రంగులోకి వచ్చింది. కుర్చీ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. రిబ్బన్ సరిగ్గా ధనలక్ష్మి మెడకి అడ్డం వచ్చింది.

తలొంచమంటే మోసేవాళ్లు కుర్చీ వంచారు. ఆమె జారబోయింది. పైకెత్తితే తల గుమ్మానికి తగిలింది. అర్జునరావు జనంలోంచి, రిబ్బన్‌ని కొద్దిగా పైకెత్తి పట్టుకోండర్రా అన్నాడు. పట్టుకుంటే అది చర్య అవుతుందని లోపల్నుంచి లాయరు హెచ్చరించాడు. ముడి విప్పినా చర్యే. మంత్రిగారు బయటికి వచ్చి చూస్తే పోలేదా అన్నాడు రమణమూర్తి. బయట చూసినది కేంద్రం లెక్కలోకి రాదన్నాడు ఉదయ్‌కుమార్. లబ్ధిదారు లోపలికి రాకుండా లబ్ధి ఎలా చేకూరుతుంది?

"అమ్మా, ఒక్కసారి కొంచెం దిగి, వంగి రాగలరేమో ప్రయత్నించండి" అన్నారు మంత్రిగారు లోపల్నుంచి, ఎంతో ఆప్యాయంగా.

బ్యాండువాళ్లు ఆపేశారు. కామరాజు అక్క పక్కకి వంగాడు. తమ్ముడి నుదుటి మీద చెమట ధారలు కట్టింది.

"వంగితే నయమైపోనట్టు రాసుకుంతారు, అంతే కదరా?"

కామరాజు కండువాతో నుదురు తుడుచుకున్నాడు.

ధనలక్ష్మి సంచిలో చెయ్యి పెట్టింది. కత్తెర తీసింది. దారం ముక్క కత్తిరించినంత మామూలుగా, మెడకి అడ్డం వచ్చిన రిబ్బన్‌ని టక్కున కోసేసింది.

రెండు ముక్కలూ రెండు పక్కలకి వాలిపోయాయి.

 కామరాజుకి తన పదవి కళ్లముందే రెండు ముక్కలై గాలికి ఊగడం కనిపించింది. మంత్రిగారి మొహం చూడ్డానికి ధైర్యం చాలక నేల చూశాడు.

లాయరు దగ్గాడు.

"తొలి చర్య జరిగిపోయింది" అన్నాడు.

"చేసింది మేం కాదు" అన్నాడు మైఖేల్.

"మేమూ కాదు" అన్నాడు ఉదయ్‌కుమార్.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడాదిగా ఇద్దరి భుజాల మీదా ఉన్న బరువేదో దిగిపోయినట్టు, నెమ్మదిగా నవ్వు మొలిచింది. లేచి, గుమ్మం దాకా వచ్చి, ధనలక్ష్మికి చేతులు జోడించారు.

"అభినందనలమ్మా."

"ఏటికి బాబూ?"

"ఒప్పందం ప్రకారం ప్రథమ చెల్లింపుదారు మీరే."

ఆమె పక్షం ఎలా అవుతుందని రమణమూర్తి గట్టిగానే అడిగాడు. లాయరు మొదటిసారి దగ్గకుండా సమాధానం చెప్పాడు.

"ఆవిడ మీ జీతంలోంచి ప్రీమియం కట్టారు. సబ్బు నుంచి చెప్పుల దాకా పన్ను కట్టారు. ఆవిడ కన్నా అసలైన పక్షం ఇంకెవరున్నారండీ?"

"మరి మీరిద్దరూ?"

"ముందు ఆవిడ చెల్లిస్తారు. మిగిలినదాన్ని మేం చెరిసగం పంచుకుంటాం. రాతపూర్వకంగా ఇస్తాం" అన్నాడు మైఖేల్.

"ముందోలే అంతా కట్టీసినాక ఇంకేటి మిగుల్తాది?"

"మిగలకపోతే మరీ మంచిది" అన్నాడు ఉదయ్‌కుమార్. "పెండింగ్ ఉండదు."

మంత్రిగారు లేచారు. ఒక సామాన్య గృహిణి చేతిలోని కత్తెర ముందు రెండు మహా వ్యవస్థలు తలవంచిన ఈ ఘట్టం తన రాజకీయ జీవితంలో చూడలేదన్నారు. శాలువా తెప్పించి ఆమె మోకాళ్ల మీద కప్పించారు. ఫొటో దిగారు. కామరాజు భుజం మీద చెయ్యి వేసి, నీలాంటివాడు రాష్ట్ర స్థాయిలో ఉండాలన్నారు. ఆ చెయ్యి బరువుకి కామరాజు తల దానంతటదే పైకి లేచింది. అక్క వైపు చూడబోయి, మంత్రిగారి వైపే చూశాడు.

బ్యాండువాళ్లు మళ్లీ అందుకున్నారు.

*

ఇచ్చిన మాట ప్రకారం కుర్చీని చేపల బజారు దగ్గర దించారు. ధనలక్ష్మి ఒక్కో చందువానీ ఎత్తి, మొప్ప తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఎర్రగా ఉన్నది దొరికేదాకా నాలుగు బల్లలు తిప్పించింది. మోసేవాళ్లు నోరెత్తలేదు. రమణమూర్తి ఎత్తలేదు. దొరికినదాన్ని తమ్ముడి చేతిలో పెట్టింది.

"పదవి ఉందేటిరా?"

"ఉందక్కా."

"ఐతే గట్టిగా పట్టుకో. జారిపోగలదు."

గోపాలపట్నంలో ఉన్న స్థలానికి రమణమూర్తి ఆ వారమే బేరం పెట్టాడు. తొందరలో అమ్మితే వచ్చింది ఒక మోకాలికే సరిపోతుందని తేలింది. ఏ మోకాలన్నది భార్యాభర్తలిద్దరూ సదస్సు పెట్టుకోకుండానే తేల్చుకున్నారు.

ఏడాదిలో తొలి కేసు పరిష్కారమైందని కామరాజు పంపిన నివేదికకి పైనుంచి ప్రశంస వచ్చింది. దాంతోపాటు లారీలో గులాబీరంగు రిబ్బన్ చుట్టలూ వచ్చాయి. తెల్లవారి కేంద్రం తలుపు తీసేసరికి గుమ్మానికి అడ్డంగా కొత్త రిబ్బన్ తళతళలాడుతోంది. బయట అర్జునరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొడుకు భుజం పట్టుకుని అందరికన్నా ముందు నిలబడి ఉన్నాడు. కామరాజు తన చేత్తో రాసిన నోటీసుని గోడకి అతికించి, వంకరగా ఉందేమోనని వెనక్కి జరిగి చూసుకున్నాడు.

'గౌరవనీయులైన విశ్రాంత ఉద్యోగులకు శుభవార్త. కేంద్రాన్ని స్వహస్తాలతో ప్రారంభించే గౌరవం ఇకపై ప్రతి దరఖాస్తుదారుకూ కల్పించడమైనది. రిబ్బన్ ఉచితం. కత్తెర ఎవరిది వారే తెచ్చుకోవలెను.'